ముడుచుకునే అద్దం మూలుగు

విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై, గోస్తనీ నది ఒడ్డున తగరపువలస ఉంది. అనంతగిరి కొండలలో పుట్టిన ఆ నది అక్కడికి కొద్ది దూరంలోనే, భీమునిపట్నం వద్ద, బంగాళాఖాతంలో కలుస్తుంది. సముద్రపు గాలి, రహదారి దుమ్ము, బజారు రద్దీ మూడూ కలిసే చోటు అది. ఇటువంటి ఊళ్లో ఇరుకు వీధిలో కారు నిలిపినవారు, పక్క నుండి వెళ్లే ఆటోకో లారీకో తగలకుండా సైడ్ అద్దాలను లోపలికి మడుస్తారు. పూర్వం ఆ పని చేతితో చేసేవారు. నేడు అనేక కార్లలో ఒక్క స్విచ్ నొక్కితే రెండు అద్దాలూ తమంతట తామే ముడుచుకుంటాయి. కొన్నేళ్లు గడిచాక ఆ అద్దాలే కిర్రుమని మూలగడం, టకటకమని కొట్టుకోవడం మొదలుపెడతాయి. యజమాని వినీ విననట్లు ఊరుకుంటాడు. లేదా అద్దం మొత్తాన్ని మార్పించి వేల రూపాయలు వెచ్చిస్తాడు. చాలా సందర్భాలలో ఈ రెండూ అక్కరలేదు. చప్పుడు ఎప్పుడు, ఏ తీరున వస్తున్నదో శ్రద్ధగా వింటే లోపం ఎక్కడున్నదో చాలావరకు తెలిసిపోతుంది.

వాహనం వెనుక ఏమున్నదో చూపే అద్దం కొత్తది కాదు. 1911లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో జరిగిన తొలి 500 మైళ్ల పందెంలో రే హారూన్ తన కారుకు అద్దం బిగించుకొని పోటీ చేసి గెలిచాడు. జపాన్‌లో 1983 వరకు సొంత దేశపు కార్లకు ఈ అద్దాలను తలుపులకు కాక, ముందు చక్రాల పైనుండే రేకులకు బిగించేవారు. ఆ నిబంధన సడలిన మరుసటి సంవత్సరమే, అంటే 1984లో, నిస్సాన్ సంస్థ తన లారెల్ కారులో విద్యుత్తుతో ముడుచుకునే తలుపు అద్దాలను ప్రవేశపెట్టింది. ఇరుకు వీధులున్న దేశంలో ఇటువంటి ఉపాయం పుట్టడంలో వింత ఏముంది?

ఇక ఆ అద్దం లోపల ఏమున్నదో చూద్దాం. తలుపుకు బిగించిన పీఠం ఒకటి ఉంటుంది. దానిపై ఒక బోలు ఇరుసు నిలిచి ఉంటుంది. అద్దాన్ని మోసే డొప్ప ఈ ఇరుసు చుట్టూ తిరుగుతుంది. బలమైన స్ప్రింగు ఒకటి డొప్పను పీఠానికి అదిమి పట్టి ఉంచుతుంది. పీఠం మీద గంట్లు, వాటిలో కూర్చునే బొడిపెలు ఉంటాయి. అద్దం తెరుచుకున్నప్పుడు బొడిపె గంటులో పడి గట్టిగా నిలుస్తుంది. తిప్పే పని కారు బ్యాటరీ నుండి 12 వోల్టుల విద్యుత్తు అందుకునే చిన్న మోటారుది. అది చాలా వేగంగా తిరుగుతుంది కనుక, మరచుట్లు గల వర్మ్ గేరు, మరికొన్ని పళ్ల చక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలంగా మారుస్తాయి. ఈ చక్రాలలో చాలావరకు ప్లాస్టిక్కువే. అద్దం చివరి హద్దును తాకగానే మోటారు బిగుసుకుంటుంది. అప్పుడు పెరిగిన విద్యుత్తును గ్రహించి సర్క్యూట్ దానిని ఆపివేస్తుంది.

ఇప్పుడు చప్పుళ్ల సంగతి. అద్దం కదులుతున్నంతసేపూ కిర్రుమంటే దోషం సాధారణంగా బయటే ఉంటుంది. పీఠానికీ డొప్పకూ నడుమ ఇసుక చేరిందని, లేదా అక్కడి గ్రీజు ఎండిపోయిందని దాని అర్థం. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఇసుక ఎంత సన్ననిదో చూసినవారికి, అది ఏ సందులోనైనా దూరగలదని వేరే చెప్పనక్కరలేదు. విశాఖ ఓడరేవు పరిసరాలలో బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి, తీరం పొడవునా ఉప్పుగాలి దానికి తోడవుతాయి. ఎండలో నిలిపిన కారులో గ్రీజు మరింత త్వరగా గట్టిపడుతుంది. అద్దం మందంగా, గుర్రుగుర్రుమంటూ కదిలితే లోపలి గేర్లలో గ్రీజు ఎండి ఉండవచ్చు. రెండు అద్దాలూ ఒకేలా మందగిస్తే ముందుగా బ్యాటరీని అనుమానించాలి. అద్దం హద్దుకు చేరిన తరువాత కూడా టకటకమని కొన్ని క్షణాలపాటు కొట్టుకుంటే గేరు పట్టు తప్పిందనో, పన్ను విరిగిందనో అనుకోవాలి. కారు వేగంగా పోతున్నప్పుడు మాత్రమే గలగలమంటే అది మడిచే యంత్రం తప్పు కాకపోవచ్చు. వెనుకనున్న క్లిప్పులలో అద్దపు పలక వదులై ఉండవచ్చు. పరీక్షించేటప్పుడు కారు ఇంజను ఆపి, స్విచ్ మాత్రమే పనిచేసేలా ఉంచి, ఒకరు స్విచ్ నొక్కుతుండగా మరొకరు అద్దం పక్కన నిలబడి వినడం మేలు. ఎడమ, కుడి చప్పుళ్లను పోల్చి చూస్తే తేడా ఇట్టే పట్టుబడుతుంది.

కిర్రుమనే అద్దానికి చికిత్స సులభం. అద్దాన్ని సగం మడిచిన స్థితిలో ఆపగలిగితే ఆపి, పీఠం సందులో మంచినీటిని ధారగా పోసి, మెత్తని బ్రష్షుతో ఇసుకను బయటికి తీయాలి. పూర్తిగా ఆరిన తరువాత ఆ సందులో కొద్దిగా సిలికాన్ స్ప్రే కొట్టి, అయిదారుసార్లు మడిచి తెరవాలి. ఇంట్లో ఉన్నది కదా అని కిరోసిన్, పెట్రోలు, ఇంజన్ ఆయిల్ వాడరాదు. అవి రబ్బరును ఉబ్బిస్తాయి, కొన్ని రకాల ప్లాస్టిక్కును పెళుసుబారుస్తాయి. పైగా జిడ్డు ఉన్నచోట ధూళి మరింత అంటుకుంటుంది. రెండు వారాలలో పాత కిర్రు తిరిగి వస్తుంది.

టకటకమనే అద్దం విషయంలో ఒక ముచ్చట చెప్పుకోవాలి. విద్యుత్తుతో తిరిగే అద్దాన్ని ఎవరైనా చేతితో బలంగా తోసినా, దారిన పోయే వాహనం తగిలినా, అది విరగకుండా పక్కకు ఒరిగే ఏర్పాటు ఉంటుంది. అలా ఒరిగినప్పుడు గేరు ఒకచోట, డొప్ప మరొకచోట ఉండిపోతాయి. అప్పుడు స్విచ్‌తో పూర్తిగా మడిచి, తిరిగి తెరిస్తే టక్‌మని ఒక పెద్ద చప్పుడు వినిపించి అద్దం తన చోట కూర్చుంటుంది. ఆ ఒక్క చప్పుడుకు భయపడనక్కరలేదు. పట్టు తిరిగి దొరికిందనడానికి అదే గుర్తు. రెండు మూడుసార్లు చేసినా టకటక ఆగకపోతే మాత్రం స్విచ్‌ను పదేపదే నొక్కడం మానాలి. విరిగిన పంటి ముక్కలు మిగిలిన పళ్లనూ కొరికివేస్తాయి.

ఆ దశలో డొప్పను విప్పక తప్పదు. ముందు అద్దపు పలకను ప్లాస్టిక్ పట్టీతో నెమ్మదిగా వెనుక క్లిప్పుల నుండి వదిలించాలి. చేతికి తొడుగు ఉండాలి. పలక వెనుక వేడిచేసే తీగలుంటే వాటిని లాగకూడదు. అంతవరకు ఓపికగలవారు ఎవరైనా చేయవచ్చు. ఇరుసును అదిమి పట్టిన స్ప్రింగును విప్పడం మాత్రం షెడ్డులో మెకానిక్ చేయవలసిన పని. తగిన పనిముట్టు లేకుండా బిగింపును ఊడదీస్తే ఆ స్ప్రింగు ఎగిరి కంటికి తగలవచ్చు. పాత గ్రీజు తుడిచి, ప్లాస్టిక్కుకు హాని చేయని గ్రీజు పూస్తే గుర్రుమనే అద్దం నెమ్మదిస్తుంది. పన్ను విరిగితే గేరు ఒక్కటే దొరుకుతుందేమో ముందుగా విచారించాలి. కొన్ని కార్లకు అది విడిగా లభిస్తుంది. ప్లాస్టిక్కుకు బదులు లోహపు గేరు వేస్తామనేవారూ ఉంటారు. అది విరగదు, నిజమే. కాని అద్దం బిగుసుకున్నప్పుడు ఆ భారం మోటారు మీద పడుతుంది. మోటారు కంటే గేరు చవక.

పని ముగిశాక అద్దం ముడుచుకున్నదా లేదా అన్నదానికంటే, తెరుచుకున్నప్పుడు కదలకుండా నిలిచిందా అన్నది ముఖ్యం. గంటులో సరిగా కూర్చోని ఎడమ అద్దం రహదారి గాలికి వెనక్కు ఒరిగితే, ఎడమ పక్కగా వచ్చే మోటారు సైకిలు డ్రైవరు కంట పడదు. అందుచేత సీటులో కూర్చొని, అద్దంలో సొంత కారు అంచు సన్నగా మాత్రమే కనిపించేలా సరిచేసుకోవాలి. తరువాత తగరపువలస నుండి ఆనందపురం వరకు ఒకసారి నడిపి చూడాలి. రహదారి వేగంలో అద్దంలోని బొమ్మ వణికితే బొడిపె ఇంకా గంటులో పడలేదన్నమాట. కారును పక్కకు ఆపి, మరొకసారి మడిచి తెరవాలి.