పన్ను నాటించుకునే ముందు

మా ఇంట్లో పళ్ళ విషయంలో ఒకే ఒక్క మాట ఉంది: 'పన్ను కట్టించుకోవడం'. తమిళంలోనూ పల్లు కట్టడం అనే అంటారు కాబట్టి రెండు భాషల్లోనూ మాకు అదే సరిపోతుంది. రోజూ తీసి కడిగి పెట్టుకునే సెట్టయినా, పక్క పళ్ళని ఆసరా చేసుకుని బిగించే బ్రిడ్జయినా, ఎముకలోకి దించే ఇంప్లాంటయినా మా అవ్వకి అన్నీ కట్టించుకోవడమే. తొండియార్‌పేటలో మాలాగా తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి, అక్కడా ఇంతే అనుకుంటాను. చిక్కేమిటంటే డాక్టరు గదిలో ఇవి మూడూ మూడు వేరే పనులు. ఖర్చు వేరు, పట్టే కాలం వేరు, తర్వాత చూసుకునే తీరు వేరు. 'కట్టిస్తారా?' అని అవ్వ అడుగుతుంది, 'కట్టేద్దాం పాట్టీ' అని ఆయన అంటారు. ఇద్దరూ ఒకదాని గురించే మాట్లాడుతున్నారని గ్యారంటీ ఏమీ లేదు.

తెలుగు గోడ పత్రికలో పళ్ళ గోల ఏమిటని అడగొచ్చు. పెద్దవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళేది మన ఇళ్ళలో ఎక్కువగా మనమే. అక్కడ సంతకం పెట్టమని ఇచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. 'నువ్వు చదివి చెప్పవే' అని మన చేతికే ఇస్తారు. బి.ఏ.లో తెలుగు చదువుతున్నామన్నా ఎవరూ వదలరు. కాబట్టి ఆ కాగితం చేతికి రాకముందే కొన్ని సంగతులు తెలిసి ఉంటే మంచిది.

ముందు అసలు ఇంప్లాంటంటే ఏమిటి? బయటికి కనిపించే పన్ను ఇంప్లాంటు కాదు. ఊడిపోయిన పన్ను వేరు ఉండే చోట దవడ ఎముకలోకి దించే చిన్న టైటానియం స్క్రూని ఇంప్లాంటంటారు. దాని మీద అబట్‌మెంట్ అని ఒక చిన్న దిమ్మలాంటిది బిగిస్తారు. దాని పైన పన్ను ఆకారంలో ఉండే క్యాప్ వస్తుంది. అంటే ఒక పన్నులో మూడు భాగాలు. ఈ మూడనే లెక్క గుర్తుంచుకోండి, డబ్బు సంగతి దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇది పుట్టిన వైనం నాకు భలే నచ్చింది. స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రొనెమార్క్ అనే పరిశోధకుడు 1952లో కుందేళ్ళ కాలి ఎముకల్లో రక్తం ఎలా పారుతుందో చూడ్డానికి టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని ఎముకలో అమర్చాడు. ప్రయోగం అయిపోయాక దాన్ని బయటికి తీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని గట్టిగా పట్టేసుకుంది. వేరేవాళ్ళయితే పరికరం పోయిందే అని విసుక్కునేవాళ్ళేమో, ఆయన మాత్రం దాని వెంట పడ్డాడు. 1965లో గోస్టా లార్సన్ అనే ఆయన దవడలో మొదటిసారి ఇలాంటి స్క్రూలు వేసి వాటిమీద పళ్ళు కట్టాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా వాటితోనే తిన్నాడు, నలభై ఏళ్ళకి పైనే. అయినా తోటి వైద్యులు చాలాకాలం నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సమావేశం తర్వాతే ఈ పద్ధతికి బయటి దేశాల్లో గుర్తింపొచ్చింది.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క, ఎముక పట్టుకోవడం. స్క్రూని దవడలో నిలబెట్టేది జిగురు కాదు, సిమెంటూ కాదు. చుట్టూ ఎముక పెరిగి దాన్ని అతుక్కోవాలి. దానికి కాలం కావాలి. బ్రొనెమార్క్ పద్ధతిలో కింది దవడకి మూడు నెలలు, పై దవడకి ఆరు నెలలు ఆగేవారు. పై దవడ ఎముక కొంచెం మెత్తన, అందుకే ఎక్కువ సమయం. ఇప్పుడు స్క్రూల తయారీ మారి ఈ కాలం కొంత తగ్గింది కానీ పోలేదు. 'ఒక్క రోజులో కొత్త పళ్ళు' అనే బోర్డులు చూస్తుంటాం. అది పూర్తిగా అబద్ధమనలేం. ఎముక గట్టిగా ఉండి, స్క్రూ మొదటే బిగుతుగా కూర్చుంటే ఆ రోజే పైన పన్ను పెట్టొచ్చు. అయితే అది చాలాసార్లు తాత్కాలికం పన్ను. కొన్ని వారాలపాటు మెత్తటి తిండే తినాలి. బోర్డు మీద ఈ ముక్క ఉండదు. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న: 'రోజు మొదటి రోజు నుంచి గట్టివి నమిలే రోజు దాకా ఎన్ని నెలలు, ఎన్నిసార్లు రావాలి?'

రెండోది ఎముక ఎంత ఉందన్నది. పన్ను పీకించుకున్నాక అక్కడి ఎముక కరిగి సన్నబడుతుంది, మొదటి సంవత్సరంలోనే ఎక్కువ. పదేళ్ళ కిందట పన్ను తీయించుకుని ఖాళీగా వదిలేసిన చోట స్క్రూకి చాలినంత ఎముక ఉండకపోవచ్చు. అప్పుడు ముందు ఎముక పొడి వేసి పెంచుతారు. దానికి ఇంకొన్ని నెలలు, ఇంకొంత డబ్బు. పై దవడలో వెనక పళ్ళ మీద సైనస్ అనే గాలి గది ఉంటుంది. కింది దవడ లోపల ఒక నరం పోతుంది. స్క్రూ ఆ నరానికి తగిలితే కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కి, ఒక్కోసారి అలాగే ఉండిపోతాయి. ఎక్కడ ఎంత లోతు ఉందో కచ్చితంగా తెలియాలంటే సీబీసీటీ అనే స్కాన్ తీస్తారు. మామూలు ఎక్స్‌రే పొడుగూ ఎత్తూ చూపిస్తుంది కానీ ఎముక మందం చూపించదు. స్కాన్ తియ్యకుండానే 'వేసేద్దాం' అంటే ఎందుకు అక్కర్లేదో అడగండి. కారణం చెప్పగలిగితే సరే.

మూడోది ఒంటి ఆరోగ్యం. అవ్వ ఈ ప్రశ్నలన్నిటికీ 'అదంతా బాగానే ఉంది' అనేస్తుంది, మీ ఇళ్ళలోనూ అంతే కదా. షుగర్ ఉంటే ఇంప్లాంట్ వేయించుకోకూడదని కాదు. అదుపులో ఉంటే వేస్తారు. అదుపులో లేకపోతే పుండు మానదు, ఎముక పట్టుకోదు. ఆ రోజు పొద్దున తీసిన రీడింగ్ చూసుకుంటే చాలదు, రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు, ఆపాలో వద్దో గుండె డాక్టరు చెప్పాలి. అందరూ మర్చిపోయేది ఎముకల మందు. ఎముకలు గుల్లబారాయని వారానికోసారి మింగే మాత్రలు, సంవత్సరానికోసారి వేసే ఇంజెక్షన్ కొన్ని ఉన్నాయి. వాటికీ పళ్ళకీ సంబంధం ఏముందిలే అనుకుంటారు. ఉంది. వాటివల్ల కొందరికి దవడ ఎముక మానకుండా పాడయ్యే ప్రమాదం ఉంది. ఈ మందులు ఆడవాళ్ళే ఎక్కువగా వాడతారు కాబట్టి మన అమ్మలకీ అవ్వలకీ ఇది ముఖ్యం. వెళ్ళేటప్పుడు మందుల చీటీలన్నీ, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకుని పోండి. సిగరెట్టు, బీడీ తాగేవాళ్ళకి ఇంప్లాంట్ ఊడే అవకాశం ఎక్కువ. తాతలకీ మామలకీ ఈ మాట మనం చెప్తే వినరు, డాక్టరు చేత చెప్పించాలి.

ఇక డబ్బు. మా అవ్వకి పక్క వీధి క్లినిక్కులో ఒక పన్నుకి 28 వేలన్నారు. అమ్మ సరేనని వచ్చేసింది. మర్నాడు ఫోన్ చేసి విడమరిచి అడిగితే అది స్క్రూకి మాత్రమేనట. అబట్‌మెంట్ వేరు, క్యాప్ వేరు, స్కాన్ వేరు. ఎముక వెయ్యాల్సి వస్తే అదీ వేరు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, ఇంప్లాంటంటే నిజంగా స్క్రూయే మరి! అమ్మ అడిగింది పన్ను, ఆయన చెప్పింది స్క్రూ. అందుకే 'మొత్తం పన్ను నోట్లో కూర్చునేదాకా ఎంత?' అని అడిగి, కాగితం మీద విడివిడిగా రాయించుకోవాలి. ఎముక పట్టుకోకపోతే మళ్ళీ ఊరికే వేస్తారా, డబ్బు కట్టాలా అన్నది కూడా. ఏ కంపెనీ స్క్రూ, ఏ సైజు, లాట్ నంబరెంత అన్న వివరాలు పెట్టె మీది స్టిక్కర్లో ఉంటాయి. అది అడిగి తెచ్చుకుని దాచండి. పదేళ్ళకి పైన క్యాప్ విరిగిందనుకోండి, అప్పటికి ఆ క్లినిక్కు ఉండకపోవచ్చు, ఇంకో డాక్టరుకి ఆ స్టిక్కరు లేకపోతే దానికి సరిపోయే భాగం వెతకడమే పెద్ద పని.

వేసేది ఎవరో కూడా అడగాలి. కృత్రిమ దంతాల్లో, చిగుళ్ళలో, నోటి శస్త్రచికిత్సలో ఎం.డి.ఎస్. చేసినవాళ్ళుంటారు. బి.డి.ఎస్. తర్వాత శిక్షణ తీసుకుని బాగా వేసేవాళ్ళూ ఉంటారు. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్ని వేశారు అని అడగడం అమర్యాదేం కాదు. మనసు ఊగిసలాడుతుంటే కోట రైల్వే స్టేషన్ దగ్గరున్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి మనకి దూరమేం కాదు. 1953లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఒక విభాగంగా మొదలైంది అది. క్యూలో కూర్చునే ఓపికుంటే ఇంకో అభిప్రాయం తెలుసుకోవచ్చు.

అసలు అన్ని పళ్ళకీ ఇంప్లాంట్లు అక్కర్లేదన్న సంగతి కూడా చాలామందికి తెలీదు. అవ్వ బాధల్లా కింది సెట్టుతోనే. మాట్లాడుతుంటే లేస్తుంది, జంతిక కొరికితే జారుతుంది. పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలబడుతుంది, కింద నాలుక ఆడుతుంటుంది కాబట్టి పట్టు ఉండదు. పళ్ళన్నీ పోయిన కింది దవడకి రెండే రెండు ఇంప్లాంట్లు వేసి, వాటికి ప్రెస్ బటన్‌లాగా సెట్టుని తగిలించొచ్చు. 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు కింది దవడకి మామూలు సెట్టుకన్నా ముందుగా చెప్పాల్సింది ఇదేనన్నారు. పధ్నాలుగు పళ్ళ ఖర్చుకీ దీనికీ పోలికే లేదు. మా ఇంట్లో ఇప్పుడు మాట్లాడుకుంటున్నది దీని గురించే, అవ్వ షుగర్ కొంచెం దిగాక.

మన వయసువాళ్ళకి ఒక మాట. స్కూల్లో పడి ముందు పన్ను పోగొట్టుకున్నవాళ్ళు మన క్లాసులోనూ ఉండొచ్చు. దవడ పెరుగుతున్నంతకాలం ఇంప్లాంట్ వెయ్యరు. పక్క పళ్ళు దవడతోపాటు కిందికి దిగుతాయి, స్క్రూ కదలదు, కొన్నేళ్ళకి ఆ పన్నొక్కటీ పొట్టిగా మిగిలిపోతుంది. ఆడపిల్లల్లో ఈ పెరుగుదల సాధారణంగా పద్దెనిమిదికి అటూ ఇటూ ఆగుతుంది, ఆగిందో లేదో డాక్టరు చూసి చెప్పాలి. చెల్లెళ్ళకి పదమూడేళ్ళకే వేయిద్దామని ఎవరైనా తొందరపడితే అడ్డుపడండి.

వేయించుకున్నాక పని అయిపోదు. టైటానియం పుచ్చదు, నిజమే. చుట్టూ ఉన్న చిగురు మాత్రం పాచి పేరుకుంటే వాస్తుంది, అది ముదిరితే స్క్రూని పట్టుకున్న ఎముక కరుగుతుంది. మన సొంత పన్ను చుట్టూ మెత్తటి పొర ఉంటుంది, గట్టిది కొరికితే వెంటనే తెలుస్తుంది. ఇంప్లాంటుకి ఆ పొర లేదు, అందుకని నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, ఒక్కోసారి తెలియనే తెలియదు. రోజూ రెండు పూటలా తోమడం, సందుల్లో దూరే చిన్న బ్రష్ వాడటం, ఆరు నెలలకోసారి చూపించుకోవడం తప్పవు. పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నోట్లోనే ఉంటున్నాయంటారు. ఆ లెక్క ఇలా చూసుకున్నవాళ్ళది. తోమితే రక్తం కనిపించినా, క్యాప్ కొంచెం కదిలినట్టనిపించినా నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఆ వారంలోనే తీసుకెళ్ళాలి.