పోర్షే సదుం దాకా వస్తాదా?

బెంగళూరులో ఉద్యోగం చేసే మదనపల్లె, పుంగనూరు, సదుం పిల్లలు ఎవరైనా రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొంటే ఇంటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే: "ఒరేయ్, అది మన ఊరి దాకా వస్తాదా?" కార్ల గురించి రాస్తుంటానని నన్నూ అడుగుతుంటారు. జవాబు నేను చెప్పేలోపు వాళ్లే చెప్పేస్తారు కూడా. అది పందెం బండి, నూరు కిలోమీటర్లు దాటితే ఇంజిను కాగిపోతుంది, మన ఎండకు ఆగదు, దూరాలకు ఇన్నోవానే మేలు. ఇన్నోవా మంచి బండే. తక్కిన మాటలన్నీ తప్పు.

అసలు ఈ జాతి కారు పేరు తెచ్చుకున్నదే దూరాల మీద. ఇటలీలో 1927లో మిల్లే మిలియా అనే పందెం మొదలైంది. బ్రెషియాలో బయల్దేరి రోమ్ దాకా పోయి తిరిగి రావాలి. సుమారు 1,600 కిలోమీటర్లు, అదీ జనం రోజూ తిరిగే మామూలు రోడ్ల మీద. 1955లో స్టిర్లింగ్ మాస్ మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌ఆర్‌లో ఆ దూరాన్ని 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో కొట్టేశాడు. అందరూ మాస్‌ను పొగుడుతారు గానీ, నా ఓటు పక్క సీట్లో కూర్చున్న గడ్డపాయనకు. ఆయన డెనిస్ జెంకిన్సన్, పత్రికల్లో రాసుకునే మనిషి. పందేనికి ముందే ఆ దారంతా తిరిగి మలుపులు, ఎగుడు దిగుళ్లు అన్నీ రాసుకున్నాడు. ఆ పొడవాటి కాగితాన్ని చుట్టగా చుట్టి చిన్న పెట్టెలో బిగించాడు. దారి పొడుగునా దాన్ని తిప్పుతూ, ఇంజిను హోరులో మాట వినబడదు కాబట్టి చేతి సైగలతో మాస్‌కు చెబుతూ పోయాడు. పీలేరు నుంచి సదుం మీదుగా పుంగనూరుకు స్పోర్ట్స్ కారు తోలేవాడికి కావలసింది మాస్ కాదు, జెంకిన్సనే. ఎందుకో చెబుతాను.

ఎండ సంగతి ముందు తేల్చేద్దాం. అంత శక్తిని అదుపులో పెట్టాలి కాబట్టి ఈ కార్లకు రేడియేటర్లు పెద్దవే ఉంటాయి. 80, 90లో సాఫీగా పోతుంటే ఇంజిను సగం నిద్రలో ఉన్నట్టే లెక్క. దానికి ఇబ్బంది గాలి తగలని సిటీ ట్రాఫిక్‌లో గానీ ఖాళీ రోడ్డు మీద కాదు.

అసలు బాధ కింద ఉంది. బండి అడుగు రోడ్డుకు తగిలితే మన డ్రైవర్లు "చాంబర్ తగిలింది" అంటారే, అదీ. స్విఫ్ట్ కారు అడుగు నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ఈ ఎత్తు 11 నుంచి 13 సెంటీమీటర్లే.

కుక్కి మంచాన్ని గడప దాటించడం చూసే ఉంటారు. కోళ్లు ఎత్తుగానే ఉంటాయి, నడుమ నులక జారి ఉంటుంది. ముందు కోళ్లు లోపలికి పోయి వెనక కోళ్లు ఇవతలే ఉన్నప్పుడు గడప సరిగ్గా నడిమికి వస్తుంది, నులకను రాసుకుంటుంది. మంచం మీద ముసలాయన పడుకుని ఉంటే ఇంకా గట్టిగా రాస్తుంది. కారులో కోళ్లంటే చక్రాలు. నులక జారడమంటే మనుషులు, సామాను ఎక్కి స్ప్రింగులు కుంగడం. గడప అంటే స్పీడ్ బ్రేకర్. ఖరీదైన కార్లలో బటన్ నొక్కితే ముక్కు సుమారు 4 సెంటీమీటర్లు లేస్తుంది. అది మంచం తలవైపు కోళ్ల కింద ఇటుక పెట్టడం లాంటిది. తల 4 సెంటీమీటర్లు లేస్తే నడుము లేచేది 2 మాత్రమే. లక్షలు పోసి ఆ బటన్ పెట్టించుకున్నవాళ్లు కూడా సరిగ్గా నడుము దగ్గరే ఎందుకు తగిలించుకుంటారో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇప్పుడు గడప కొలతకు వద్దాం. స్పీడ్ బ్రేకర్ ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసిపెట్టింది. వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు, పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్క. ఫెరారీ 488లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.65 మీటర్లు. అంటే ఈ బ్రేకర్ నడిమికి వచ్చేసరికి నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి. గడప మీద మంచం మొత్తం ఎక్కేసినట్టు. లెక్క వేస్తే అప్పుడు కారు అడుగుకు తగ్గే ఎత్తు 5 సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. 12 సెంటీమీటర్ల ఎత్తున్న కారుకు ఇంకా దాదాపు 7 మిగిలే ఉంటాయి. ముందు చక్రానికి మీటరు ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు కూడా తగలదు. ఆ చోట బ్రేకర్ ఎత్తు 8 సెంటీమీటర్లే.

మరి ఊళ్లలో కడుతున్నదేమిటి? స్కూలు ముందు ఓ పిల్లవాడికి దెబ్బ తగులుతుంది. ఆ కోపంలో రాత్రికి రాత్రి సిమెంటు, కంకర తెచ్చి రోడ్డుకు అడ్డంగా గట్టు పోస్తారు. అర మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు అనుకోండి. చక్రాలు అటూ ఇటూ నేల మీదే, గట్టు మొత్తం పొట్ట కింద. 12 సెంటీమీటర్ల కారు దాటే ప్రశ్నే లేదు. ఐదుగురెక్కిన స్విఫ్టూ తగులుతుంది. అందుకే ఇది కోటీశ్వరుల గొడవ అని కొట్టిపారేయకండి.

దాటక తప్పనప్పుడు ఏం చేయాలి? ఏటవాలుగా ఎక్కించాలి. 45 డిగ్రీలు తిప్పితే, ఏ చక్రమూ గట్టు మీద లేని దూరం బాగా తగ్గిపోతుంది. పొట్ట కింద గట్టు ఉన్నప్పుడు చాలాసేపు ఏదో ఒక చక్రం బండిని మోస్తుంది. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుంటే మాత్రం ఈ విద్య చూపించకండి. రెండోది, బ్రేకు గట్టుకు ముందే వేసి, ముందు చక్రం ఎక్కేటప్పుడు వదిలేయాలి. బ్రేకు మీద కాలుంటే ముక్కు దిగుతుంది. మూడోది, జెంకిన్సన్ పని. ఈ కారులో కూర్చుంటే కళ్లు నేలకు మీటరు ఎత్తులో ఉంటాయి. పుంగనూరు ఆవు ఎదురొస్తే దాదాపు ముఖాముఖే. రంగు వేయని గట్టు రాత్రిపూట దగ్గరికి వచ్చేదాకా కనబడదు. కాబట్టి ముందుగా బైకు మీదో మామూలు కారులోనో ఆ దారి చూసి రాసుకోవాలి. కొన్ని పోర్షేలు ఇదే పని జీపీఎస్‌తో చేస్తాయి. ఒక గట్టు దగ్గర ముక్కు లేపి గుర్తు పెట్టిస్తే మరుసటిసారి అక్కడ వాటంతటవే లేపుకుంటాయి.

టైర్లకు రెండు ముక్కలు. 305/30 అని రాసి ఉంటే పక్కగోడ ఎత్తు 9 సెంటీమీటర్లే. గుంతలో పడితే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పక్కగోడ తెగుతుంది, దానికి పంచర్ వేయడం కుదరదు. స్టెప్నీ చాలావాటిలో ఉండదు. ప్లాట్‌ఫాం బండివాడి నంబరు దగ్గరుంచుకోండి. పెట్రోలు 95 ఆక్టేన్‌ది దొరికేచోట నింపుకోండి. ఆక్టేన్ అంటే బలం కాదు, స్పార్కుతో పని లేకుండా దానంతటదే అంటుకోకుండా ఓర్చుకునే గుణం.

కాణిపాకంలో, బోయకొండలో పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడంలో నాకు అభ్యంతరం లేదు. నిమ్మకాయ మెత్తనిది, చాంబర్‌ను ఏమీ చేయదు. నడిరోడ్డు మీద గుమ్మడికాయ పగలగొట్టి వదిలేసి పోతారే, వాళ్లతోనే నా తగువు. దిష్టి బండికి తీస్తారు, వెనక వచ్చే బైకువాడు జారిపడతాడు.

కదిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం మీదుగా కృష్ణగిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద ఈ గట్ల గొడవలు తక్కువ. వేగపరిమితి నడుమ డివైడరున్న నాలుగు వరుసల రోడ్డు మీద 100, ఎక్స్‌ప్రెస్‌వే మీద 120. సదుం లాంటి చోట్లకు పోయే మామూలు రోడ్ల మీద 70. ఏ రోడ్డు మీదైనా పోర్షేకూ ఆల్టోకూ ఒకటే పరిమితి.

ఊరి పెద్దలకు ఒక విన్నపం. స్కూలు ముందు బ్రేకర్ తప్పకుండా ఉండాలి. కావాలని పంచాయతీలో తీర్మానం రాసేటప్పుడు 3.7 మీటర్లు, 10 సెంటీమీటర్లు, నలుపు తెలుపు గీతలు, ముందొక హెచ్చరిక బోర్డు అని కూడా రాసి ఆర్ అండ్ బీ వాళ్లకు ఇవ్వండి. పురిటి మనిషిని తీసుకుపోయే 108 కూడా ఆ దారినే పోవాలి.