ఈమ్ గ్రామపు దేవాలయము నేర్పే పాఠము



ఇంగ్లాండులో డార్బీషైర్ కొండల నడుమ ఈమ్ అనే చిన్న గ్రామమున్నది. ఇటీవల అక్కడి తెలుగు విశ్వాసులు కొందరితో కలిసి ఆ ఊరి సెయింట్ లారెన్స్ దేవాలయమును దర్శించాము. ఆవరణలో వెయ్యేండ్లకు పైబడిన రాతి సిలువ ఉంది. లోపల నార్మన్ల కాలపు బాప్తిస్మపు తొట్టి ఉంది. అయితే మమ్మును ఎక్కువసేపు నిలిపినది ఒక పేర్ల పట్టిక. అవి 1665-66లో ప్లేగుతో చనిపోయినవారి పేర్లు.

ఆ చరిత్ర అర్థం కావాలంటే ముందు 'పేరిష్' అనే మాట తెలియాలి. పాస్టరేట్ అనగానే మనకు సభ్యత్వమున్న కుటుంబాలు గుర్తుకు వస్తాయి. మధ్యయుగపు ఇంగ్లాండులో పేరిష్ అంటే ఒక హద్దు. ఆ హద్దులో పుట్టిన బిడ్డకు బాప్తిస్మమివ్వడం, చనిపోయినవారిని సమాధి చేయడం, అందరి ఆత్మలను గూర్చి జాగ్రత్త వహించడం ఆ ఊరి కాపరి బాధ్యత.

1665 సెప్టెంబరులో లండను నుండి ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది. ప్లేగు దానితోనే వచ్చిందని చెబుతారు. ఆ ఇంట పనిచేసే జార్జ్ వికర్స్ కొద్ది రోజులకే మరణించాడు. మరుసటి వేసవికి వ్యాధి మరింత విజృంభించింది. పారిపోదామని అనేకులు తలంచారు. పారిపోతే వ్యాధి పొరుగు ఊళ్లకు పాకుతుంది.

అప్పటి కాపరి విలియం మోంపెసన్ గారు ఊరికి కొత్తవారు. ప్రజలు ఎక్కువగా నమ్మినది థామస్ స్టాన్లీ గారిని. ప్రభుత్వం విధించిన ఆరాధన క్రమమునకు సమ్మతించనందున ఆయన పరిచర్యను కోల్పోయారు. సంఘ విషయాలలో ఎదురెదురుగా నిలిచిన ఈ ఇద్దరూ 1666 జూన్‌లో ఏకమై ప్రజల ముందు నిలిచారు. ఊరి హద్దు ఎవరూ దాటకూడదు. ఎవరి మృతులను వారే పాతిపెట్టుకోవాలి. దేవాలయము మూసి, కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో ఎడమెడముగా నిలిచి ఆరాధించాలి. ప్రజలు ఒప్పుకున్నారు. బయటివారు హద్దు దగ్గర ఆహారం ఉంచేవారు. ఊరివారు రాతి గుంటలలో వెనిగర్ పోసి, అందులో నాణెములు వేసేవారు.

వారు చెల్లించిన వెల గొప్పది. పట్టికలో 260 పేర్లున్నాయి. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే తల్లి ఎనిమిది రోజులలో భర్తను, ఆరుగురు బిడ్డలను తానే పాతిపెట్టింది.

మాతో ఉన్న ఒక సహోదరి అడిగింది: "అయ్యగారూ, మోంపెసన్ గారు తన పిల్లలను ముందే ఊరు దాటించారు గదా. ఇతరులను ఉండమనడం న్యాయమేనా?" సులభమైన జవాబు మా యొద్ద లేదు. ఆయన తండ్రి కూడా. బైబిలు సైతం తన భక్తుల బలహీనతను దాచదు. అయితే ఆయన వెళ్లిపోలేదు. భార్య క్యాథరిన్ గారు కూడా ఆయనను విడిచి వెళ్లక, ఆగస్టులో అదే వ్యాధితో కన్నుమూశారు. ఆమె సమాధి యొద్ద మేము మౌనముగా నిలిచాము.

2020లో మన దేవాలయాల తలుపులు మూతపడినప్పుడు, అది విశ్వాస లోపమా అని మనలో మనం వాదించుకున్నాము. మేమును ఆ అయోమయంలో ఉన్నవారమే. ఈమ్ విశ్వాసులు మందిరమును మూశారు గాని ఆరాధన మానలేదు. మందిరమును మూసినది పొరుగువాని ప్రాణము కొరకే. వారు కాపాడదలచిన పొరుగు ఊళ్లు వారి పేరిష్ హద్దుకు ఆవల ఉన్నవి.

నేటికీ ఏటా ఆగస్టు చివరి ఆదివారమున అక్కడ ఆ మృతులను జ్ఞాపకము చేసుకుంటారు. మన సంఘము చుట్టూ నివసించేవారిలో మన రిజిస్టరులో పేరు లేనివారెందరు? వారి మేలు కొరకు మనమేమి వదులుకోగలము? ఈ వారము మీ కుటుంబ ప్రార్థనలో ఈ ప్రశ్నను ప్రభువు ఎదుట ఉంచండి.