ర్యాంకుల పోటీలో ఇంకిపోతున్న ఆసక్తి

న్యూఢిల్లీ: సాంకేతిక విద్యను లక్ష్యంగా ఎంచుకున్న విద్యార్థి మొట్టమొదట వదులుకునేది తన అభిరుచినే. వయొలిన్ అటకెక్కుతుంది, క్రికెట్ బ్యాటు మూలపడుతుంది. పాత రేడియోలు విప్పి బిగించే సరదాకు ‘సీటు వచ్చాక చూద్దాం’ అన్న మాటతో తెరపడుతుంది. అలా మిగిలిన గంటలన్నీ చదువుకు కలిసివస్తాయన్నది తల్లిదండ్రుల ఆశ. కానీ కొన్నాళ్లకు ఆ చదువు మీద కూడా మనసు నిలవడం లేదని విద్యార్థులే వాపోతున్నారు. దీనిని సోమరితనమని కొట్టిపారేయడం తగదని మనస్తత్వ శాస్త్రవేత్తల పరిశోధనలు సూచిస్తుండగా, విద్యార్థుల మానసిక స్థితి సుప్రీంకోర్టు పరిశీలనకు కూడా వచ్చింది.

పోటీ తీవ్రత సామాన్యమైనది కాదు. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ పరీక్షకు 1.80 లక్షల మంది హాజరుకాగా, ఐఐటీలన్నింటిలో ఉన్న సీట్లు 17,740 మాత్రమే. జేఈఈ మెయిన్‌లో వడపోత ముగిశాక మిగిలినవారిలోనే పదిమందికి ఒక సీటు చొప్పున దక్కిందన్నమాట. రాజస్థాన్‌లో చంబల్ నది ఒడ్డున ఉన్న కోట నగరం ఈ పోటీకి మారుపేరైంది. అక్కడ వరుసగా విద్యార్థుల ఆత్మహత్యలు జరగడంతో 2023 ఆగస్టులో కోచింగ్ సంస్థలు రెండు నెలలపాటు పరీక్షలు నిర్వహించరాదని జిల్లా యంత్రాంగం ఆదేశించింది.

బహుమతి తెచ్చిన చేటు

ఆసక్తి ఎందుకు సన్నగిల్లుతుందన్న ప్రశ్నకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శిశు పాఠశాలలో జరిగిన ఒక ప్రయోగం కొంత సమాధానం ఇస్తుంది. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నారులలో కొందరికి, బొమ్మ గీస్తే ప్రశంసా పత్రం ఇస్తామని ముందే చెప్పారు. వారు గీశారు, పత్రం అందుకున్నారు. కొద్ది రోజుల తర్వాత బహుమతి ప్రసక్తి లేకుండా రంగు కలాలను ముందుంచితే, ఆ పిల్లలు మిగతావారికంటే బాగా తక్కువ సేపు గీశారు. ఇష్టంగా చేసిన పని ప్రతిఫలం కోసం చేసే పనిగా మారిందని పరిశోధకులు భావించారు. ఈ ఫలితాలు 1973లో వెలువడ్డాయి.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆలోచనను మరింత విస్తరించారు. తన నిర్ణయం తనదేనన్న భావన, పని చేతనవుతోందన్న నమ్మకం, తోటివారితో అనుబంధం అనే మూడింటిపై ఉత్సాహం ఆధారపడి ఉంటుందని వారి సిద్ధాంతం. కోర్సును తల్లిదండ్రులు ఎంచి, వారంవారం ర్యాంకులు ప్రకటించి, పక్కవాడిని ప్రత్యర్థిగా చూపే పద్ధతిలో ఈ మూడూ దెబ్బతింటున్నాయి.

ఆదేశాలు వచ్చాయి

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సంస్థలకు మార్గదర్శకాలు జారీ చేసింది. 16 ఏళ్లలోపు వారిని చేర్చుకోరాదని, రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు ఉండరాదని, వారాంతపు సెలవు మర్నాడు పరీక్ష పెట్టరాదని వాటిలో పేర్కొంది.

విశాఖపట్నంలో 2023లో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం 2025 జులైలో మరింత ముందుకు వెళ్లింది. మార్కులను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయడం సాధ్యమైనంతవరకు మానుకోవాలని, క్రీడలకు, కళలకు ప్రాధాన్యం ఇవ్వాలని, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను నియమించుకోవాలని ఆదేశించింది. హాబీ ఇక్కడ విలాసంగా కాక, ఆరోగ్యానికి అవసరమైన అంశంగా గుర్తింపు పొందడం గమనార్హం.

కొత్త చిక్కు

కాగా, మద్రాసు ఐఐటీ 2024-25 నుంచి క్రీడాకారులకు, 2025-26 నుంచి లలితకళల్లో ప్రతిభావంతులకు ప్రత్యేక సీట్లు కేటాయిస్తోంది. అభ్యర్థులు జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించడం మాత్రం తప్పనిసరి. ఆటపాటలకు దక్కిన ఈ గౌరవం హర్షణీయమే. అయితే సీటు కోసమే సంగీతం నేర్పించే ధోరణి పెరిగితే, శిశు పాఠశాలలో రంగు కలాలకు పట్టిన గతే వయొలిన్‌కూ పట్టవచ్చు.

సంస్థల తీరును కోర్టులు సరిదిద్దగలవు గానీ ఇంట్లోని దినచర్యను నిర్దేశించలేవు. సాయంత్రం ఒక గంట మార్కులతో, పోటీతో నిమిత్తం లేని పనికి విడిచిపెట్టడం తల్లిదండ్రుల చేతిలో ఉంది. ఆ గంటలో ఏం చేయాలో పిల్లలనే నిర్ణయించుకోనివ్వాలి. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్ర, తిండి తగ్గిన విద్యార్థిని మాత్రం మందలింపులతో సరిపెట్టక వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం అవసరం.