బండికి పళ్లు అరిగితే

పిల్లలూ! ముసలితనంలో మనుషులకు పళ్లు ఊడతాయి. మోటారు సైకిలుకు మాత్రం పళ్లు ఊడవు, అరుగుతాయి. బండికి పళ్లేమిటని నవ్వుతున్నారా? మా మనుమరాలు కూడా అలాగే నవ్వింది.

1988లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేనొక బుల్లెట్ కొన్నాను. ఆ రోజుల్లో ఆ బళ్లు మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారయ్యేవి. గురజాలకు బదిలీ అయినా, మాచర్లకు బదిలీ అయినా దానిమీదే వెళ్లాను. నాతోపాటు అదీ ముసలిదయింది. నరసరావుపేటలో మా ఇంటిముందు నాపరాళ్లమీద దాన్ని ఎక్కడ నిలబెడితే అక్కడ ఒక నల్లని నూనె చుక్క! మా ఇంటావిడ విసిగిపోయి, దాని కింద ఒక పాత పళ్లెం పెట్టింది.

కిందటి చలికాలంలో మనుమరాలిని వెనక కూర్చోబెట్టుకుని కోటప్పకొండకు బయలుదేరాను. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా కింద టకటకమని చప్పుడయింది. ఇంజను అరుస్తున్నది గాని బండి ముందుకు కదలదు. గొలుసు పళ్లమీదినుంచి జారిపోతున్నది! వెంటనే క్లచ్ నొక్కి, రోడ్డు పక్కన ఆపాను. ఆ గొలుసు ఊడి చక్రంలో ఇరుక్కుని ఉంటే, వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయి, ఇద్దరమూ పడి ఉండేవాళ్లం. పైగా, కారిన నూనె వెనక టైరుకు కూడా అంటి ఉన్నది. అది చూచాక నాకు కాళ్లు వణికాయి. అన్నాళ్లూ ఆ చుక్కను చూచి నవ్వుకున్నవాణ్ణి నేనే గదా!

ట్రాలీ ఆటోలో బండిని పేటకు చేర్చాను. మెకానిక్కు నా పాత విద్యార్థే. ఏడో తరగతిలో నిష్పత్తులు అతనికి కొరుకుడు పడేవి కావు. ఎన్నిసార్లు బెంచీ ఎక్కించానో! అతను గొలుసు చూచి, "మాస్టారూ, ముందు స్ప్రాకెట్ పోయింది. పదహారు పళ్లది ఎప్పుడూ ముందు పోతుంది," అన్నాడు.

"అదేం?" అన్నది మనుమరాలు.

"వెనక దానికి ముప్ఫై ఎనిమిది పళ్లమ్మా. ముప్ఫై ఎనిమిదిని పదహారుతో భాగించు."

అమ్మాయి నేలమీద రాసి చూచింది. 2.375 వచ్చింది. అంటే వెనక చక్రం ఒక్కసారి తిరిగేలోగా ముందుది రెండుసార్లకు పైగా తిరుగుతుంది. దాని ఒక్కొక్క పన్నుమీద గొలుసు అన్నిసార్లు ఎక్కి దిగుతుంది. పని ఎక్కువ గనుక అరుగుదలా ఎక్కువే.

మీ సైకిలును చూడండి. అక్కడ పెడలు దగ్గర పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉంటాయి. మన కాళ్లు నెమ్మదిగా తిరుగుతాయి గనుక వేగం పెంచుకోవాలి. ఇంజను వేగంగా తిరుగుతుంది. వేగం తగ్గించి, ఆ మేరకు బలం పెంచుకోవాలి. అందుకే ఇక్కడ చిన్నది ముందు, పెద్దది వెనక. ముందు 16 బదులు 18 పళ్లది వేస్తే, ఇంజను అంతే తిరిగినా బండి నూటికి పన్నెండున్నర వంతులు ఎక్కువ దూరం పోతుంది. చదును రోడ్డుమీద హాయే గాని కొండ ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. కోటప్పకొండ ఎక్కే తాతకు పదహారే మేలని మా మెకానిక్కు తీర్పు చెప్పాడు.

ఇటువంటి గొలుసుకు 1880లో మాంచెస్టరులో హన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు పేటెంటు పొందాడు. దాని లంకెల్లో చిన్న పిన్నులు, వాటిమీద తిరిగే రోలర్లు ఉంటాయి. దుమ్ము చేరి పిన్నులు అరిగితే లంకెకూ లంకెకూ దూరం పెరిగి గొలుసు సాగుతుంది. అప్పుడు అది పళ్ల మధ్య సరిగా కూర్చోక, పైపైకి ఎక్కి, పన్నును కొక్కెంలాగా అరగదీస్తుంది. పాత గొలుసుకు కొత్త పళ్లచక్రం వేస్తే అదీ త్వరగా పాడవుతుంది. అందుకని మూడింటినీ కలిపి మార్చాడు.

ఈ పాత బండిలో ముందు స్ప్రాకెట్ సులభంగా దొరకదు. ఎడమవైపు మూత, క్లచ్, లోపలి పెట్టె విప్పితే గాని అది కనబడదు. విప్పేముందు నూనెనంతా డబ్బాలోకి దించాడు. కాలవలో పోయనివ్వలేదు, నాకది నచ్చింది. స్ప్రాకెట్ బయటికి రాగానే దాని వెనక, గేరుపెట్టె ఇరుసు చుట్టూ, తడి కనిపించింది. అక్కడొక రబ్బరు సీలు ఉంటుంది. దాని పలచని పెదవి తిరిగే ఇరుసును అదిమిపట్టి నూనెను ఆపుతుంది. ఏళ్లతరబడి వేడికి రబ్బరు గట్టిపడి పెదవి బీటలిచ్చింది. గొలుసును మరీ బిగించినా ఇరుసు ఒకవైపుకు లాగబడి సీలు పాడవుతుందట. గొలుసు మధ్యలో సుమారు 25 మిల్లీమీటర్లు ఆడాలి. ఏ బండికి ఎంతో దాని పుస్తకంలో చూచుకోవాలి.

ఎడమ మూత దగ్గర కూడా నూనె కారుతున్నది. ఆ మూతను మధ్యలో ఒకే నట్టు పట్టి ఉంచుతుంది. చుక్క కనబడ్డప్పుడల్లా నేను ఆ నట్టును ఇంకొంచెం బిగించేవాణ్ణి. అదే తప్పు! మధ్యలో నొక్కుకుపోయి అంచు లేచింది. తప్పు ఒప్పుకున్నాను. మెకానిక్కు మొహమాటంగా నవ్వి, అంచు సరిచేసి, కొత్త రబ్బరు వేశాడు.

అన్నీ బిగించాక ఇంజనును శుభ్రంగా తుడిచి, "మాస్టారూ, సుద్దముక్క ఉందా?" అన్నాడు. ముప్ఫై ఏళ్లు నా జేబులో లేని రోజు లేదు, ఆ రోజే లేదు! పక్క కొట్టునుంచి తెప్పించి, పొడిచేసి అతుకులమీద చల్లాడు. నూనె పుట్టేది ఒకచోట, చుక్కగా రాలేది మరొకచోట. గాలి దాన్ని వెనక్కు తోస్తుంది. తెల్లని పొడిమీద మొదట నల్లబడే చోటే అసలు చోటు.

ఒక మాట చెప్పాలి. ఇంజను నడుస్తుండగా గొలుసును గుడ్డతో తుడవబోకండి. గుడ్డతోపాటు వేలును కూడా పళ్లచక్రం లాక్కుంటుంది. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ తుడవాలి.

ఆ రాత్రి మనుమరాలు బండి కింద తెల్లకాగితం పరిచింది. తెల్లవారి చూస్తే మధ్యలో ఒక చుక్క! సుద్దపొడి తెచ్చి తనే చల్లింది. కింద నూనె దించే బోల్టు చుట్టూ పొడి నల్లబడింది. దాని రాగి వాషరు పాతదే ఉండిపోయింది. కొత్తది వేయించాను. మర్నాడు కాగితం తెల్లగానే ఉన్నది. దానిమీద అమ్మాయి ముప్ఫై ఎనిమిదిని పదిహేడుతోనూ పద్దెనిమిదితోనూ భాగించుకున్నది. పళ్లెం మళ్లీ వంటింట్లోకి వెళ్లబోతే మా ఇంటావిడ ఒప్పుకోలేదు. పిచ్చుకలకు నీళ్లు పోద్దామన్నా, ముందు నూనె వాసన పోవాలన్నది.