చిగుళ్ళ నుంచి రక్తమా? వేడి చేసిందనుకుని ఊరుకోకండి!

సంక్రాంతికి మా వదిన పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక అందరం చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ జంతికలు తింటున్నాం. వదిన మాత్రం ఒక ముక్క చేతిలో పట్టుకుని తిప్పుతూ కూర్చుంది. "ఏం వదినా, ఉప్పెక్కువైందా?" అన్నాను. "ఉప్పు కాదమ్మాయ్, కుడివైపు పళ్ళతో నమిలి ఏడాదైంది" అంది, అన్నయ్యకి వినపడకుండా!

వదినకి నలభై నాలుగేళ్ళు. అంతకు మూడేళ్ళ ముందు నుంచే పళ్ళు తోముకుంటుంటే రక్తం పడేదట. వేడి చేసిందనుకుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది. మజ్జిగ ఎక్కువ చేసింది. రక్తం కనపడుతోందని ఆ వైపు బ్రష్షు పెట్టడమే మానేసింది. అప్పుడే చిన్నవాడి పుచ్చు పన్ను చూపించడానికి డాక్టరు దగ్గరకు వెళితే, ఆయన ఈవిడ నోరు కూడా చూసి, "గార బాగా పట్టిందమ్మా, తీయించుకోండి, 600 అవుతుంది" అన్నాడు. ఆ నెల పెద్దవాడి కాలేజీ ఫీజు కట్టాలి. "నాకేం నొప్పి లేదుగా, తర్వాత చూద్దాం లెండి" అని వచ్చేసింది. ఆ "తర్వాత" మూడేళ్ళకి వచ్చింది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఆరోగ్యానికి ఈ "తర్వాత" కొత్తేమీ కాదు కదా!

పండగ వెళ్ళాక నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. కిందివైపు రెండు దవడ పళ్ళు వేలితో కదిపితే కదులుతున్నాయి. ఎక్స్‌రేలో వాటి చుట్టూ ఎముక చాలా వరకు లేదు. మొత్తం వైద్యం అయ్యేసరికి వేసవి వచ్చింది. లెక్క ఇదీ: ఎక్స్‌రేలకు 500, రెండు పళ్ళు తీసినందుకు 1,600, చిగుళ్ళ లోపలి దాకా నాలుగు విడతలుగా శుభ్రం చేసినందుకు 6,000, ఒకవైపు చిగురు తెరిచి చేసిన చిన్న ఆపరేషనుకు 5,000, పోయిన పళ్ళ చోట తీసి పెట్టుకునే సెట్టుకు 3,000. వెరసి 16,100 రూపాయలు. "అప్పుడే ఆ 600 పెట్టుకుని ఉంటే ఈ రెండు పళ్ళూ ఉండేవా డాక్టరుగారూ?" అని వదిన అడిగింది. "ఉండే అవకాశమే ఎక్కువ" అన్నాడాయన.

నొప్పి లేదు కదా అని...

చిగుళ్ళ జబ్బుతో వచ్చిన చిక్కల్లా ఇదే. పుచ్చు పన్నయితే రాత్రిళ్ళు నిద్ర పోనివ్వదు, తెల్లారగానే పరుగెత్తిస్తుంది. చిగుళ్ళ జబ్బు మాత్రం చడీచప్పుడూ లేకుండా లోపల్లోపలే ముదురుతుంది.

పంటికీ చిగురుకీ మధ్య మెత్తటి పాచి చేరుతుంది. అందులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. రోజూ తోమేస్తే పోతుంది. తోమకుండా వదిలేసిన చోట లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అలాగన్నమాట. అదే గార. గార కట్టాక బ్రష్షుతో ఎంత రుద్దినా రాదు. దాని గరుకుదనం మీద మళ్ళీ పాచి పడుతుంది. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, తాకితే రక్తం వస్తుంది.

ఇక్కడి దాకా అయితే భయం లేదు. శుభ్రం చేస్తే చిగురు మళ్ళీ మామూలైపోతుంది. 1965లో డెన్మార్కులో హారాల్డ్ లోయె అనే దంతవైద్య శాస్త్రజ్ఞుడు, ఆయనతో పనిచేసేవాళ్ళు 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోమడం మాన్పించారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టించాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. అంటే రక్తం పడుతున్న చోట బ్రష్షు మానేయడం సరిగ్గా తలకిందులు పని. అక్కడే మెత్తటి బ్రష్షుతో ఇంకా శ్రద్ధగా తోమాలి. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే లోపల గార ఉందని లెక్క.

అలాగే వదిలేస్తే పాచి కిందికి దిగుతుంది. చిగురు పంటిని వదిలేసి అక్కడో సంచిలా ఏర్పడుతుంది. దాన్నే డాక్టర్లు 'పాకెట్' అంటారు. పంటిని పట్టుకుని ఉన్న దవడ ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. వైద్యం చేసి ఉన్నదాన్ని నిలుపుకోవడమే. నోటి వాసన, పళ్ళ మధ్య కొత్తగా సందులు రావడం, పన్ను పొడుగైనట్టు కనపడటం, చిగురు నొక్కితే చీము రావడం... ఇవన్నీ ఈ దశ గుర్తులు.

"మా నాయనమ్మ జన్మలో బ్రష్షు ముట్టలేదు, ఎనభై ఏళ్ళకీ చెరుకు నమిలేది" అనేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో మా బాబాయి! ఆయన మాట అబద్ధం కాదు. ఆ లోయెగారే 1970 నుంచి 15 ఏళ్ళపాటు శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగవాళ్ళ నోళ్ళు పరీక్షిస్తూ వచ్చారు. వాళ్ళెవరికీ పళ్ళు తోమే అలవాటు లేదు. అందులో వందకి 11 మందికి చిగుళ్ళు వాచాయే గానీ జబ్బు అంతకన్నా ముదరలేదు. 81 మందికి నెమ్మదిగా ముదిరింది. మిగిలిన 8 మందికి మాత్రం 45 ఏళ్ళు వచ్చేసరికి నోట్లో ఒక్క పన్ను మిగల్లేదు. నాయనమ్మ ఆ 11 మందిలో మనిషి అయ్యుండవచ్చు. మనం ఏ లెక్కలో ఉన్నామో అద్దంలో చూసుకుంటే తెలియదు. చూపించుకుంటేనే తెలుస్తుంది.

గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయా?

మా వీధిలో ఎవరిని కదిపినా ఇదే మాట. గార పళ్ళ మధ్య సిమెంటులా పట్టుకుని ఉంటుంది. అది తీసేశాక సందులు బయటపడతాయి, వాచిన చిగురు తగ్గుతుంది, కొన్నాళ్ళు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. దాంతో "తీయించకముందే బాగుంది" అనిపిస్తుంది. కానీ పన్ను కదలడానికి కారణం గార తీయడం కాదు, ఆ గార కింద అప్పటికే ఎముక కరిగిపోవడం. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందనే భయం కూడా ఇలాంటిదే. కంటికీ దానికీ సంబంధం లేదు.

గార వేరు, ఫ్లోరైడు మచ్చలు వేరు అని కూడా తెలుసుకోవాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో చిన్నప్పుడు ఫ్లోరైడు నీళ్ళు తాగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. అవి పంటి పింగాణీలోనే ఉన్నాయి. గార తీయించినంత మాత్రాన పోవు, ఇటుకపొడితో రుద్దితే అసలే పోవు.

కడుపుతో ఉన్నవాళ్ళూ, సుగరు ఉన్నవాళ్ళూ

కడుపులో బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం లాగేసుకుంటుందంటారు. అది నిజం కాదు. ఆ సమయంలో ఒంట్లో హార్మోన్ల మార్పు వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు ఎక్కువగా వాచి రక్తం పడుతుంది, అంతే. "ఇప్పుడు పళ్ళ డాక్టరేమిటి, కాన్పయ్యాక చూద్దాం" అనకండి. కడుపుతో ఉన్నప్పుడు గార తీయించుకోవచ్చు, అవసరమైతే పన్ను కూడా తీయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కుర్చీలో పడుకోవడానికీ సుఖం. వేవిళ్ళ వాంతులయ్యాక వెంటనే బ్రష్షు పెట్టకుండా నీళ్ళతో పుక్కిలించి కాసేపు ఆగాలి.

సుగరు ఉన్నవాళ్ళ సంగతి ఇంకోటి. సుగరు వల్ల చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు వల్ల సుగరు అదుపులోకి రాదు. చిగుళ్ళకు వైద్యం చేయిస్తే మూడు నెలల సుగరు పరీక్షలో అంకె కాస్త తగ్గుతుంది కూడా. ఇంట్లో అత్తగారికో మామగారికో సుగరు ఉంటే కళ్ళు, పాదాలతో పాటు నోరూ చూపించండి. కొన్ని రకాల బీపీ మాత్రల వల్ల కూడా చిగుళ్ళు పెరుగుతాయి. అలాగని మాత్రలు మీ అంతట మీరు మానేయకండి, ఇచ్చిన డాక్టరుతో చెప్పండి.

ఆరు నెలలకోసారి అంటుంటారు. అది అందరికీ ఒకే లెక్క కాదు. నోరు బాగున్నవాళ్ళకి ఏడాదికోసారి చాలు. సుగరు ఉన్నవాళ్ళూ, మా వదినలా ఒకసారి చిగుళ్ళ వైద్యం అయినవాళ్ళూ మూడు నాలుగు నెలలకోసారి వెళ్ళాల్సిందే.

డబ్బు మాట ముందే మాట్లాడుకోండి

కూరగాయల దగ్గర రూపాయి కోసం బేరమాడే మనం డాక్టరు దగ్గర నోరెత్తం. ఎంతవుతుందో అడగడానికి మొహమాటం. తీరా బిల్లు చూసి సగంలో మానేస్తాం. సగంలో మానేసిన వైద్యం అన్నిటికన్నా ఖరీదు!

పైన చెప్పిన లెక్క మా వదినది. మీ ఊళ్ళో వేరుగా ఉంటుంది. కానీ వరస మాత్రం ఎక్కడైనా ఒకటే: గార తీయడం అన్నిటికన్నా చవక, తర్వాత చిన్న ఫిల్లింగు, ఆపైన రూట్ కెనాలు, దాని మీద క్యాపు, అన్నిటికన్నా పైన ఇంప్లాంటు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వందలు వేలవుతాయి. మామూలు ఆరోగ్య బీమా పాలసీలు చాలావాటిలో ప్రమాదంలో పళ్ళు పోతే తప్ప ఇవేవీ రావు. మీ పాలసీ కాగితం ఒకసారి చదివించుకోండి.

మొదటి రోజే డాక్టరుగారిని ఒక కాగితం మీద రాసిమ్మని అడగండి. ఏది వెంటనే చేయాలి, ఏది మూడు నెలలు ఆగవచ్చు, ఏది చేయించకపోయినా నష్టం లేదు అని. మంచి డాక్టరు విసుక్కోడు. "పాకెట్ ఎంత లోతుంది?" అని అడగండి. సన్నటి పుల్లలాంటి పరికరంతో కొలిచి చెబుతారు. 3 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. 4, ఆపైన ఉంటే వైద్యం కావాలి. ఎక్స్‌రేలో ఎముక ఎక్కడ తగ్గిందో చూపించమనండి. ఒక్కసారే నాలుగైదు రూట్ కెనాళ్ళు, ఇంప్లాంట్లు అన్నారంటే ఆ ఎక్స్‌రే పట్టుకుని ఇంకో డాక్టరుకు చూపించండి, అందులో తప్పులేదు. చిగుళ్ళు బాగుచేయకుండా ఇంప్లాంటు వేయడం తడిగోడకి సున్నం వేసినట్టే. ఎవరికీ కనపడని వెనక పళ్ళకు పింగాణీ క్యాపే వేయించాలని లేదు, లోహపు క్యాపు చవకా, గట్టీ. మా వదిన బ్రిడ్జి వేయించుకుందామనుకుంది గానీ, పక్క పళ్ళు ఆ బరువు మోయలేవని డాక్టరే వద్దన్నాడు.

డబ్బుకి మరీ ఇబ్బందైతే హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి. చిగుళ్ళ వైద్యానికి 'పీరియడాంటిక్స్' అన్న బోర్డు ఉన్న విభాగానికి వెళ్ళాలి. మీ దగ్గర్లో ప్రైవేటు దంత కళాశాల ఉంటే అక్కడా బయటికన్నా తక్కువే తీసుకుంటారు. చదువుకునే పిల్లలు చేస్తారు, వెనక పెద్ద డాక్టర్లు నిలబడి చూస్తుంటారు. బయట అరగంటలో అయ్యేది అక్కడ రెండు పూటలు పట్టవచ్చు. టిఫిను చేసి, పాత చీటీలు, వాడుతున్న మాత్రల పేర్లు పట్టుకుని ఉదయమే వెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇంట్లో మనం చేసేది

మెత్తటి బ్రష్షు, పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, రెండేసి నిమిషాలు. బ్రష్షును చిగురు అంచుకి ఏటవాలుగా పెట్టి చిన్నగా కదపాలి, అంట్లగిన్నెను రుద్దినట్టు కాదు! కుచ్చులు విచ్చుకుపోతే బ్రష్షు మార్చేయాలి, ఎటూ మూడు నెలలకి మించి ఉంచుకోకూడదు. బొగ్గుపొడి, ఇసక, ఇటుకపొడి పంటిని అరగదీస్తాయి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే వాపుకి కాస్త హాయి, గార మాత్రం కరగదు.

పొగాకు పొడితో పళ్ళు తోమేవాళ్ళూ, చుట్ట అలవాటున్నవాళ్ళూ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పొగ తాగేవాళ్ళకి చిగుళ్ళ జబ్బు ఉన్నా రక్తం తక్కువగా కనపడుతుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తారు. అంగిట్లో కాన్సరు రావడానికి అదో పెద్ద కారణం. రెండు వారాలకి మానని పుండు, తెల్ల మచ్చ ఏది కనపడినా వెంటనే చూపించండి.

తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు ఉన్నవాళ్ళు రాత్రి తీసి, కడిగి, చల్లనీళ్ళ గిన్నెలో వేసి పెట్టుకోవాలి. వేడినీళ్ళు తగిలితే వంకరపోతుంది. మా వదిన మొదటి వారమే శుభ్రంగా ఉంటుందని మరిగే నీళ్ళలో వేసేసింది. సరిచేయించడానికి ఇంకో 500 అయింది. ఈసారి అన్నయ్యనే అడిగి తీసుకెళ్ళిందట.