మర్దన చేసే ముందు, చేయించుకునే ముందు

మే నెల. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో బంగినపల్లి, చిన్నరసాల కోతలు సాగే రోజులు. ఒక మధ్యాహ్నం ప్రసూతి వార్డులో ఒక పెద్దావిడ చిన్న గిన్నె పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"సిస్టరమ్మా, ఈ నువ్వుల నూనె కాస్త వెచ్చజేసి ఇస్తావా? మా కోడలికి కాలు లాగేస్తోందంట. రాత్రంతా నిద్ర లేదు. గట్టిగా నాలుగుసార్లు రాస్తే తగ్గిపోద్ది" అంది.

కోడలికి సిజేరియన్ అయి అది ఏడో రోజు. దుప్పటి తొలగించి రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాను. కుడి పిక్క కంటే ఎడమ పిక్క లావుగా ఉంది. తాకితే వెచ్చగా ఉంది. టేపుతో కొలిస్తే 4 సెంటీమీటర్ల తేడా వచ్చింది. "పెద్దమ్మా, ఈ కాలిని ఎవరూ రుద్దవద్దు" అని చెప్పి వెంటనే డాక్టరు గారిని పిలిచాను. విజయవాడ పంపి డాప్లర్ స్కాన్ తీయిస్తే, పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉందని తేలింది.

ఆ పెద్దావిడ చేయబోయింది ప్రేమతోనే. నొప్పి అంటే నూనె రాయడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న అలవాటు. అయితే నొప్పికి కారణం తెలియకుండా రుద్దితే కొన్నిసార్లు ప్రాణం మీదకు వస్తుంది. రోగుల కుటుంబ సభ్యులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

మర్దన వల్ల మేలు ఉందా?

ఉంది. పొలం పని చేసి అలసిన నడుముకి, రోజంతా నిలబడిన కాళ్ళకి మృదువుగా మర్దన చేస్తే బిగుసుకున్న కండరాలు సడలుతాయి, హాయిగా నిద్ర పడుతుంది. మంచం పట్టిన వారికి మనిషి చేతి స్పర్శే ఒక ఓదార్పు. కానీ మర్దన అలసటకు ఉపశమనం మాత్రమే. అది విరిగిన ఎముకను అతికించదు, రక్తపు గడ్డను కరిగించదు, కడుపులోని జబ్బును తగ్గించదు.

ఒక కాలు వాచినప్పుడు

కాన్పు తరువాత, ఆపరేషన్ తరువాత, కాలికి పిండికట్టు వేసినప్పుడు, చాలా రోజులు మంచంలోనే ఉన్నప్పుడు కాళ్ళలో రక్తం నెమ్మదిగా కదులుతుంది. అప్పుడు లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. బాలింతలకు ముఖ్యంగా మొదటి 6 వారాలు ఈ ముప్పు ఉంటుంది. క్యాన్సర్ ఉన్నవారికి, గంటల తరబడి కదలకుండా ప్రయాణం చేసినవారికి కూడా రావచ్చు.

అలాంటి కాలిని గట్టిగా రుద్దితే ఆ గడ్డ విడిపోయి, రక్తంతో పాటు గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరి రక్తనాళాన్ని మూసేస్తుంది. నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. 2016లో ఢిల్లీలో ఇలాగే జరిగింది. 23 ఏళ్ల యువకుడికి ఆటలో చీలమండ దగ్గర దెబ్బ తగిలి పిండికట్టు వేశారు. కట్టు తీసిన తరువాత కూడా కాలు నొప్పి, వాపు తగ్గలేదు. తల్లి నూనెతో కాలు మర్దన చేసింది. కాసేపటికే అతడు ఊపిరి ఆడక కుప్పకూలాడు. ఎయిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళినా బతకలేదు. కాలిలోని రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరిందని వైద్యులు తేల్చారు. ఈ సంగతిని వారు 2017లో వైద్య పత్రికలో ప్రచురించారు కూడా.

కాబట్టి నూనె తీసే ముందు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక కాలు మాత్రమే వాచినా, పిక్క నొప్పిగా, వెచ్చగా, ఎర్రగా ఉన్నా రుద్దకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. దానితో పాటు ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం వంటివి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

చెట్టు మీద నుంచి పడినప్పుడు

కోతల కాలంలో చిక్కంతో కాయ కోస్తూ కొమ్మ విరిగి పడేవారిని ఏటా చూస్తూనే ఉంటాము. పడిన మనిషిని లేవదీసి, కూర్చోబెట్టి, నడుము తోమడం, కాళ్ళు లాగడం చాలా ప్రమాదం. వెన్నుపూస విరిగి ఉంటే ఆ కదలికతో వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు శాశ్వతంగా పడిపోవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా కదలకుండా పడుకోబెట్టి ఉంచండి. 108 వచ్చేవరకు మెడ తిప్పకుండా ఒకరు తల పట్టుకుని ఉండాలి.

చీలమండ, మణికట్టు బెణికితే మొదటి 2, 3 రోజులు మర్దన వద్దు, వేడి కాపడం వద్దు. వీటి వల్ల లోపలి రక్తస్రావం, వాపు పెరుగుతాయి. ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి 15 నిమిషాల చొప్పున పెట్టండి. కాలిని తలగడ మీద ఎత్తుగా ఉంచండి. కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. ఎక్కడైనా నాటు కట్టు కట్టించుకున్నాక వేళ్ళు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేనంతగా ఉన్నా వెంటనే కట్టు విప్పించి ఆసుపత్రికి రావాలి. రక్తం అందక చేయో కాలో పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

మెడ విరిపించుకోవద్దు

సెలూన్‌లో క్షవరం అయ్యాక తల మర్దన చేసి, చివరలో మెడను రెండు వైపులా టక్కుమనేలా విరవడం చాలామందికి అలవాటు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు మెడలో నుంచే వెళ్తాయి. మెడను ఒక్కసారిగా తిప్పితే ఆ నాళం లోపలి పొర చిరగవచ్చు. 2024లో కర్ణాటకలోని బళ్ళారిలో 30 ఏళ్ల యువకుడికి తల మర్దన చేస్తూ మెడ విరవడంతో ఇలాగే నాళం చిరిగి పక్షవాతం వచ్చింది. తల మర్దన వరకు సరే, మెడ మాత్రం విరవవద్దని ముందే చెప్పండి. మెడ తిప్పిన తరువాత తల తిరిగినా, వాంతులైనా, మాట తడబడినా, నడక తూలినా, ఒక పక్క బలం తగ్గినా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

కడుపు తోమించవద్దు

గర్భిణీకి బిడ్డ అడ్డం తిరిగిందని కడుపు సర్దించడం ప్రమాదం. మాయ విడిపోయి తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం రావచ్చు. అలాగే కడుపు నొప్పి వస్తే బొడ్డు పక్కకు జరిగిందని తోమిస్తారు. అది అపెండిసైటిస్ అయితే లోపల పగిలి కడుపంతా చీము పట్టవచ్చు. అప్పుడు చిన్న ఆపరేషన్‌తో పోయేది పెద్ద గండంగా మారుతుంది.

పసిబిడ్డకు నూనె రాసేటప్పుడు

అమ్మమ్మలు కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి స్నానం చేయించడం చక్కటి ఆచారం. ఈ జాగ్రత్తలు మాత్రం పాటించండి.

1. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయవద్దు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది.
2. బొడ్డు ఊడి, పూర్తిగా ఆరేవరకు దాని మీద నూనె, పసుపు, పొడులు వేయవద్దు.
3. పుట్టిన బిడ్డకు రొమ్ములు కాస్త ఉబ్బడం సహజం. వాటిని పిండవద్దు, చీము పడుతుంది.
4. తల గుండ్రంగా రావాలని నొక్కవద్దు. ముక్కు లాగవద్దు. చేతులు, కాళ్ళు మెలిపెట్టవద్దు.
5. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, బరువు తక్కువ ఉన్న బిడ్డకు, జ్వరం ఉన్న బిడ్డకు మా డాక్టరు గారిని అడిగిన తరువాతే నూనె రాయండి.

షుగర్ ఉన్నవారు, వయసు మళ్ళినవారు

చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గిపోతుంది. నూనె ఎంత వేడిగా ఉందో, ఉప్పు మూట ఎంత కాలుతోందో వారికి తెలియదు. తెల్లారి చూస్తే బొబ్బలు, వారం తరువాత పుండ్లు. నూనె వేడిని మీ మోచేతితో చూసుకున్నాకే వారికి రాయండి. ఎముకలు గుల్లబారిన వృద్ధులను గట్టిగా నొక్కితే పక్కటెముకలు విరగవచ్చు. వార్ఫరిన్ వంటి రక్తం పలుచబడే మందులు వాడేవారికి గట్టి మర్దనతో లోపల రక్తం చిమ్మి చర్మం కమిలిపోతుంది. జ్వరం, చర్మం మీద పుండ్లు, అదుపులో లేని బీపీ ఉన్నప్పుడు, కుట్లు మానకముందు మర్దన వాయిదా వేయండి.

పట్నంలో మసాజ్ సెంటర్‌కు వెళ్తే

ఈ రోజుల్లో హైదరాబాదు, విజయవాడ వెళ్ళినప్పుడు పిల్లలు పెద్దవాళ్ళను మసాజ్‌కు తీసుకెళ్తున్నారు. కొన్నిచోట్ల కంచు గిన్నెలు మోగిస్తూ ఆ నాదంతో సాంత్వన కలిగిస్తామంటారు. పడుకుని ప్రశాంతంగా వినడం వల్ల మనసు తేలికపడవచ్చు. కానీ దానితో షుగర్, బీపీ, క్యాన్సర్ తగ్గుతాయని చెబితే నమ్మవద్దు. డాక్టరు రాసిన మందు ఒక్క పూట కూడా మానవద్దు. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణీలు ముందు తమ డాక్టరుని అడగాలి.

ఎక్కడ చేయించుకున్నా ఇవి గుర్తుంచుకోండి.

1. మీ జబ్బులు, వాడుతున్న మందులు, జరిగిన ఆపరేషన్లు ముందే చెప్పండి. అసలు ఏమీ అడగకుండా మొదలుపెట్టేవారి దగ్గర చేయించుకోవద్దు.
2. చేసేవారు ఎక్కడ శిక్షణ పొందారో అడగండి. పక్షవాతం తరువాత, ఎముక అతికిన తరువాత అయితే ఫిజియోథెరపిస్టు దగ్గరకే వెళ్ళండి.
3. కడుపు నిండా తిని వెంటనే చేయించుకోవద్దు.
4. నొప్పి పుడితేనే పని చేస్తున్నట్టు అనుకోవడం పొరపాటు. నొప్పిగా ఉంటే ఆపమని చెప్పండి. స్త్రీలు స్త్రీలతోనే చేయించుకుంటామని అడగవచ్చు. ఇబ్బందిగా అనిపిస్తే మధ్యలోనే లేచి వచ్చేయవచ్చు, మొహమాటం అక్కరలేదు.
5. చేయించుకున్నాక మెల్లగా లేవండి. బీపీ మందులు వాడేవారికి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరగవచ్చు.

ఆ బాలింత సంగతి చెప్పి ముగిస్తాను. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు, తరువాత మందులు కొన్ని నెలలు వాడింది. బిడ్డకు పాలిస్తూనే కోలుకుంది. మరుసటి ఏడు కోతలప్పుడు ఆ పెద్దావిడ సంచిలో చిన్నరసాలు తెచ్చింది. "సిస్టరమ్మా, మా వాడలో ఎవరికి కాలు నొప్పన్నా ఇప్పుడు నన్నే పిలుస్తున్నారు. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాకే నూనె గిన్నె తీస్తున్నా. తేడా ఉంటే ఇక్కడికే పంపుతున్నా" అంది.

మీ ఇంట్లో కూడా అలా చూసేవారు ఒకరు ఉండాలి. అనుమానం వస్తే పగలైనా రాత్రయినా వార్డులో ఉన్న సిస్టర్‌ని అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.